పాతకారు రోగనిదానము

మారుతి 800 కారు మన దేశమున 1983 డిసెంబరు మొదలు 2014 జనవరి వరకు తయారయ్యెను. తొలి కార్లలో పెట్రోలును గాలితో కలుపు పని కార్బ్యురేటరుది. అది చెడినచో మెకానిక్కు విప్పి, కడిగి, కంటితో చూచి లోపము నెరుగగలిగెడివాడు. 2000వ సంవత్సర ప్రాంతమున ఆ పనిని కంప్యూటరు స్వీకరించెను. కంప్యూటరు మూసిన పెట్టె. దానిలో జరుగునది కంటి కగపడదు. కావున ఇట్టి కార్లలో లోపమును పట్టు విధము వేఱు.

ఈ కంప్యూటరు ఇంజనును స్వయముగా చూడజాలదు. సెన్సార్లను చిన్న పరికరములు పంపెడి విద్యుత్సంకేతములే దానికి కన్నులును చెవులును. ఇంజనును చల్లార్చు నీటి వేడిమిని తెలుపు సెన్సారు వానిలో నొకటి. చల్లగా నున్నప్పుడు దాని విద్యున్నిరోధము హెచ్చు, వేడెక్కినకొలది తగ్గును. 20 డిగ్రీలయొద్ద సుమారు 2,500 ఓములుండు నిరోధము 80 డిగ్రీలయొద్ద సుమారు 300 ఓములకు దిగును. ఇంజను చల్లగా నున్నదని తోచినచో కంప్యూటరు పెట్రోలును ఎక్కువగా పోయును.

ఇట్టి పాతకారొకటి ఉదయమున చక్కగా స్టార్టగు ననుకొందము. కొంతదూరము నడచిన పిమ్మట నల్లని పొగయు, పెట్రోలు వాసనయు బయలుదేరును. కూడలిలో ఆగెనా, మరల స్టార్టు కాదు. వెనుక లారీలు హారనులు మ్రోగించుచుండును. స్కానరు తగిలించి చూడగా, ఇంజను కాలుచున్నను నీటి వేడిమి 20 డిగ్రీలే యని చూపును. తొందరపడు మెకానిక్కు వెంటనే క్రొత్త సెన్సారు కొనిపించును. జబ్బు పోదు. పిదప కంప్యూటరే చెడినదనును. దాని వెల విని యజమాని కారును పాత ఇనుమునకు అమ్మజూచును.

నిజమునకు చెడినది కప్లరు. వర్షపు తేమకు దాని ఇత్తడి పిన్నులు చిలుము పట్టి, అచ్చట 2,200 ఓముల నిరోధ మేర్పడినది. సెన్సారువి 300, మొత్తము 2,500. అది 20 డిగ్రీల లెక్క. కంప్యూటరు లెక్క సరియే, దానికి చేరిన వార్త తప్పు.

రోగకారణమును కనుగొనుటను వైద్యులు నిదానమందురు. వాడుకలో ఆ మాటకు తొందరపడకుండుట యనియు నర్థము కలదు. మెకానిక్కునకు రెండును కావలెను. ముందు తాళము తీసి, బ్యాటరీ నెగటివు వైరు విప్పవలెను. ఇంజను వేడిగా నుండగనే కప్లరు లాగి సెన్సారును మీటరుతో కొలువవలెను. 300 ఓములున్నచో సెన్సారు నిర్దోషి. మరల కప్లరు తగిలించి, కంప్యూటరు చివర కప్లరు నూడదీసి, ఆ రెండు వైర్లనే అచ్చట కొలువవలెను. పెరిగిన ఓములన్నియు నడుమ దారిలోనివే. కొలుచుచు వైరును మెల్లగా కదపవలెను; అంకె గంతులువేసిన చోటనే లోపము.

ఎర్తు వైరును మరువరాదు. అది తుప్పుపట్టినచో పెక్కు సెన్సార్ల వార్తలు ఒక్కసారే తప్పును. ఇంజను నడచుచుండగా బ్యాటరీ నెగటివునకును ఇంజను లోహమునకును నడుమ 0.2 వోల్టులకు మించి కనబడినచో, ఆ వైరు కొసలను గీకి శుభ్రపరచి బిగింపవలెను.

పిన్నులు తుడిచిన పిమ్మట ఇంజనును వేడెక్కించి స్కానరును మరల చూడవలెను. అంకె 20 నుండి మెల్లగా 80కి ఎక్కినచో, క్రొత్త సామాను పెట్టె విప్పకయే దుకాణమునకు తిరిగి పంపవచ్చును.