స్పామ్‌అసాసిన్: మంచి ఉత్తరాలను చెత్తలో వేసిన వడపోత

స్పామ్‌అసాసిన్ మెయిల్ సర్వర్‌లో ఉండి, లోపలికి వచ్చే ప్రతి ఈమెయిల్‌నూ పరిశీలించి మార్కులు వేసే ప్రోగ్రామ్. మార్క్ జెఫ్టోవిక్ 1997లో మొదలుపెట్టిన ఒక చిన్న ఫిల్టర్‌కు మెరుగులు దిద్దుతూ వచ్చిన ఐరిష్ ప్రోగ్రామర్ జస్టిన్ మేసన్, చివరకు దాన్ని పెర్ల్ భాషలో మొదటినుంచీ తిరగరాసి 2001 ఏప్రిల్‌లో అందరికీ ఉచితంగా ఇచ్చాడు. 2004లో అది అపాచీ ఫౌండేషన్ ప్రాజెక్టుల్లో చేరింది. ఆ తర్వాత ఎన్నో విశ్వవిద్యాలయాలు, ఇంటర్నెట్ కంపెనీలు దీనిమీదే ఆధారపడ్డాయి.

ఒక్క మాట కనిపించగానే ఉత్తరాన్ని తోసెయ్యకపోవడం దీని ప్రత్యేకత. వందల నియమాలుంటాయి. ఒక్కొక్కటి తన వంతుగా కొన్ని పాయింట్లు కలుపుతుంది, కొన్ని తీసేస్తాయి కూడా. మొత్తం 5కు చేరితే ఉత్తరం స్పామ్ కింద లెక్క. ఏ నియమానికి ఎన్ని పాయింట్లన్నది మనుషులు ఊహించి రాసింది కాదు. మంచివి, చెత్తవి అని ముందే వేరుచేసిన ఉత్తరాల గుట్టలమీద నియమాలను నడిపి, ఎక్కువ సరైన తీర్పులొచ్చే విలువలను కంప్యూటర్‌తోనే తేల్చేవారు. మొదట్లో జెనెటిక్ అల్గారిథమ్, తర్వాత పెర్సెప్ట్రాన్ ఈ పని చేశాయి. పద్ధతి తెలివైనదే. కానీ ఆ గుట్టలో ఉన్నవన్నీ నిన్నటి ఉత్తరాలే.

2010 జనవరి 1న జరిగింది ఇందుకు మంచి ఉదాహరణ. తమ ఉత్తరం ఇన్‌బాక్స్‌లో అన్నిటికంటే పైన నిలవాలని స్పామర్లు భవిష్యత్తు తేదీలు వేసేవారు. వాటిని పట్టుకోడానికి ‘ఎఫ్‌హెచ్_డేట్_పాస్ట్_20ఎక్స్ఎక్స్’ అనే నియమం పుట్టింది. తేదీలో 2010 నుంచి 2099 లోపు ఏ సంవత్సరం కనిపించినా అది పాయింట్లు వేసేది. పాత గుట్టలో అలాంటి తేదీ ఉన్న మంచి ఉత్తరం దొరకడం అసాధ్యం కనుక నియమం గురి తప్పనిదిగా తేలింది, చాలా అమరికల్లో 3కు పైగా పాయింట్లు దక్కించుకుంది. కొత్త సంవత్సరం రాగానే లోకంలోని ప్రతి ఉత్తరమూ ఆ పాయింట్లతోనే పరీక్షకు కూర్చుంది. ఇంకో రెండు పాయింట్లు తోడైతే చాలు, శుభాకాంక్షలైనా బిల్లైనా జంక్ ఫోల్డర్‌కే. విచిత్రమేమంటే ఈ లోపాన్ని 2009లోనే గుర్తించి, అభివృద్ధిలో ఉన్న ప్రతిలో దిద్దారు. జనం వాడుతున్న వెర్షన్‌కు మాత్రం ఆ దిద్దుబాటు చేరలేదు. పైగా ఆ దిద్దుబాటు కూడా హద్దును 2020కి జరిపిందంతే!

ఇలాంటి తప్పును వెతకడం మొదలుపెట్టాల్సింది ఉత్తరం హెడర్‌లోనే. అక్కడ ‘ఎక్స్-స్పామ్-స్టేటస్’ అనే వరుసలో వచ్చిన మార్కులు, దాటకూడని హద్దు, తగిలిన నియమాల పేర్లు ఉంటాయి. ఒకదానితో ఒకటి సంబంధంలేని పది మంచి ఉత్తరాల్లో ఒకే పేరు కనిపిస్తే దోషి దొరికినట్టే. ఆ నియమం విలువను స్థానిక అమరికల్లో సున్నా చేసి, ‘ఎస్‌ఏ-అప్‌డేట్’తో కొత్త నియమాలు తెచ్చుకోవాలి. 2010లో పని చేసిన మందు ఇదే. చాలామంది చేసే పని వేరు: హద్దును 5 నుంచి 8కి పెంచేస్తారు. దాంతో తప్పు నియమం అలాగే ఉంటుంది, సరైన నియమాల బలం మాత్రం తగ్గుతుంది.

దోషి బయటివాడూ కావచ్చు. స్పామ్ పంపే కంప్యూటర్ల చిరునామాలతో కొన్ని సంస్థలు నడిపే బ్లాక్‌లిస్టులను ఫిల్టర్లు డీఎన్‌ఎస్ ద్వారా అడుగుతుంటాయి. ఓఆర్‌డీబీ అనే జాబితా 2006 డిసెంబరులో మూతపడింది. అమరికల్లోంచి దాని పేరు తీసెయ్యని సర్వర్లు మాత్రం అడుగుతూనే ఉన్నాయి. 2008 మార్చిలో ఆ చిరునామా ప్రతి ప్రశ్నకూ ‘ఉంది’ అని జవాబివ్వసాగింది. దాన్నింకా నమ్ముకున్న చోట్ల ఉత్తరాలన్నీ ఆగిపోయాక గానీ నిర్వాహకులకు మెలకువ రాలేదు.

మూడో కారణం, ఫిల్టర్ నేర్చుకున్న పాఠాలే తప్పు కావడం. మాటల సంభావ్యతలతో స్పామ్‌ను గుర్తించే బేయిస్ పద్ధతిని 1998లో మెహ్రాన్ సహామీ, సహచరులు ప్రతిపాదించారు. 2002లో పాల్ గ్రాహం వ్యాసంతో అది ఊపందుకుంది. మంచి ఉత్తరం పోవడమే పెద్ద నష్టమని ఎంచి, గ్రాహం మంచి ఉత్తరాల్లోని మాటలను రెండింతలు లెక్కించాడు. స్పామ్‌అసాసిన్‌లోని బేయిస్ విభాగం, మామూలు అమరికలో, రెండు రకాలవీ 200 చొప్పున చూసేదాకా నోరు విప్పదు. తాము కోరి చందా కట్టిన పత్రికను కూడా విసుగొచ్చి ‘స్పామ్’ అని నొక్కే వాడుకరులు దీనికి తప్పుడు గురువులు. అలా చెడిన చోట, తప్పుగా పడ్డ ఉత్తరాలను ‘ఎస్‌ఏ-లెర్న్’ ద్వారా మంచివిగా మళ్లీ నేర్పించాలి.

పంపినవారి వైపు లోపాలూ ఉంటాయి. ఒక డొమైన్ పేరిట ఏ సర్వర్లు ఉత్తరాలు పంపొచ్చో ఎస్‌పీఎఫ్ చెబుతుంది. దారిలో ఉత్తరం మారలేదని డీకేఐఎం సంతకం చూపుతుంది. పాత చిరునామా నుంచి కొత్తదానికి ఫార్వర్డ్ అయిన ఉత్తరం మధ్య సర్వర్ మీదుగా వస్తుంది గనుక మొదటి పరీక్షలో తప్పుతుంది. మధ్యవాళ్లు సబ్జెక్టుకు ఏదైనా తగిలిస్తే రెండోదీ పోతుంది. ఇలా నష్టపోయే పంపినవారిని నమ్మకస్తుల జాబితాలో చేర్చడం సులువే. కాకపోతే ‘ఫ్రమ్’ చిరునామాను ఎవరైనా నకిలీ చెయ్యగలరు కాబట్టి, ఈ పరీక్షల్లో నెగ్గితేనే చెల్లే జాబితాను వాడడం మేలు.

మార్పులయ్యాక, దాచి ఉంచిన అదే ఉత్తరాన్ని మళ్లీ ఫిల్టర్‌కు చూపించి మార్కులు సరిచూడాలి. బ్లాక్‌లిస్టులు రోజురోజుకూ మారతాయి కనుక పాత హెడర్‌లోని అంకెలతో పోల్చుకోవాలి. చివరగా జీట్యూబ్ అనే పరీక్షా వాక్యమున్న ఉత్తరం పంపిచూస్తారు. దానికి 1000 పాయింట్లు పడాలి. అది కూడా ఇన్‌బాక్స్‌లోకి వచ్చేసిందంటే, ఆ ఉత్తరం అసలు ఫిల్టర్ మీదుగా వెళ్లకపోయి ఉండొచ్చు.