గెర్టీ వెనుక కొండ ఎందుకు వణికింది?

ఇటీవల ఒక ఆదివారం సాయంకాలం, ఎనిమిదేళ్ల మా మనుమరాలితో కలిసి 1914 నాటి ‘గెర్టీ ది డైనోసార్’ అనే నలుపు తెలుపు బొమ్మల చిత్రాన్ని చూశాను. చిత్రం ముగిసేలోగా ఆ పిల్ల రెండు ప్రశ్నలు వేసింది. “తాతయ్యా, డైనోసారు కదిలితే సరే, వెనకున్న కొండ ఎందుకు వణుకుతోంది? మొదట్లో కనిపించిన మనుషులు అంత హడావిడిగా ఎందుకు నడుస్తున్నారు?”

“ఆ రోజుల్లో అంతకంటె బాగా తీయడం రాదమ్మా” అని చెప్పి తప్పించుకున్నాను. తరువాత ఆలోచిస్తే ఆ సమాధానం సరికాదని తోచింది. మొదటి ప్రశ్నకు జవాబు ఆనాటి పనివిధానంలో ఉంది. రెండవదానికి జవాబు మన ఇంటి యంత్రంలో ఉంది.

ముందుగా, కదలని బొమ్మలు కదిలినట్లు ఎందుకు తోస్తాయో చూద్దాం. కంటిలో ఒక బింబం చెరిగిపోకముందే మరొకటి వచ్చి కలియడమే ఇందుకు కారణమని పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెప్పాయి. ఈ వివరణ చాలదు. బింబాలు ఒకదానిపై ఒకటి పడితే మనకు కనిపించవలసినది అలికినట్లున్న బొమ్మే కాని కదలిక కాదు. కొద్ది తేడాతో వెంటవెంటనే కనిపించే స్థానాలను ఒకే వస్తువు కదలికగా మెదడు గ్రహిస్తుంది. మాక్స్ వెర్ట్‌హైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ విషయంపై తన ప్రసిద్ధ పరిశోధనను 1912లో ప్రచురించాడు. బొమ్మను గీసేవాడు చిత్రకారుడే అయినా, దానిని కదిలించేది చూసేవారి మెదడు.

ఫ్రాన్సు దేశంలో ఎమీల్ కోల్ 1908లో ‘ఫాంటాస్మగోరీ’ని సుమారు 700 బొమ్మలతో తయారుచేశాడు. రెండు నిమిషాలైనా లేని ఆ చిత్రంలో గీతలు నల్లని పలకమీద సుద్దతో గీసినట్లుంటాయి. నిజానికి అతడు గీసినది తెల్లకాగితంపై నల్లని గీతలే. నెగెటివును వాడడంవల్ల నలుపు తెలుపులు తారుమారయ్యాయి. బొమ్మల వెనుక దృశ్యమంటూ లేదు గనుక అందులో వణకడానికి కొండ లేదు.

అమెరికాలో పత్రికా చిత్రకారుడైన విన్సర్ మెకే తన గెర్టీకి కొండలు, చెరువు, చెట్టు కూడ కావాలనుకున్నాడు. పారదర్శకమైన రేకులపై గీసే పద్ధతి అప్పటికింకా వాడుకలోకి రాలేదు. అందువల్ల వేలాది పల్చని కాగితాలలో ప్రతిదానిపైనా డైనోసారుతోబాటు కొండను కూడ మళ్లీ గీయవలసివచ్చింది. డైనోసారును మెకే గీస్తే, వెనుక దృశ్యాన్ని జాన్ ఫిట్జ్‌సిమ్మన్స్ అనే యువ సహాయకుడు కాగితం తరువాత కాగితంపై దిద్దాడు. ఎంత నేర్పుగల చేయి అయినా ఒకే గీతను వెంట్రుకవాసి తేడా లేకుండా వేయిసార్లు గీయలేదు. ప్రతి ఉదయం ఒకేచోట ఒకే ముగ్గు వేసే ఇల్లాలికి ఇది తెలిసిన సంగతే. ఆ వెంట్రుకవాసి తేడాయే తెరపై కొండ వణుకుగా కనిపిస్తుంది.

ఎర్ల్ హర్డ్ 1914లోనే పేటెంటుకు దరఖాస్తు చేసిన పద్ధతి ఈ శ్రమను తొలగించింది. కదిలే బొమ్మలను పారదర్శకమైన సెల్యులాయిడ్ రేకులపై గీసి, ఒక్కసారి గీసిన దృశ్యంతో జతచేసి ఛాయాచిత్రాలు తీయడమే ఆ పద్ధతి. దానితో కొండ స్థిరంగా నిలిచింది, బొమ్మల చిత్రం పరిశ్రమగా ఎదిగింది.

ఇక హడావిడి సంగతి. మూకీల కాలంలో కెమెరాను చేతితో తిప్పేవారు. సెకనుకు ఇన్ని బొమ్మలని కచ్చితమైన కట్టుబాటు లేదు. 16, 18, 20 ఇలా ఉండేది. శబ్దం వచ్చాక వేగం మారితే గొంతు కూడ మారిపోతుంది గనుక 24 అనే స్థిరమైన సంఖ్య అవసరమైంది. సెకనుకు 16 చొప్పున తీసిన ఆరు నిమిషాల చిత్రాన్ని 24 చొప్పున ఆడిస్తే నాలుగు నిమిషాల్లో ముగుస్తుంది. అప్పుడు నడక పరుగవుతుంది. నెమ్మదిగా ఆడిస్తే తెర మిణుకుమిణుకుమనదా అని సందేహం రావచ్చు. ఆనాటి ప్రొజెక్టరులో మూడు రెక్కల మూత ఒక్కొక్క బొమ్మను మూడుసార్లు వెలిగించేది. 16ను మూడుతో హెచ్చిస్తే 48. తరువాతి కాలంలో రెండు రెక్కలతో 24 బొమ్మలు చూపినా అదే 48. కన్ను ఓర్చుకునే లెక్కను ఆనాటివారు ఎరుగనివారు కారు.

మౌనం విషయంలోను మనం పొరబడతాం. గెర్టీ మొదట సినిమాహాలుకోసం పుట్టలేదు. మెకే కొరడా పట్టుకుని తెర పక్కన నిలబడి, గెర్టీని పిలిచి, కాలెత్తమని ఆజ్ఞాపించి, మాట వినకపోతే మందలించేవాడు. గెర్టీ ఏడ్చేది. చివరకు అతడు తెర వెనుకకు తప్పుకోగానే బొమ్మ రూపంలో ఆమె వీపునెక్కి వెళ్లిపోయేవాడు. ఇప్పుడు మనం చూసేది, ఆ మాటలకు బదులు అక్షరాల పలకలు చేర్చి అదే సంవత్సరం సినిమాహాళ్లకు పంపిన ప్రతి.

మంచి ప్రతులు అరుదు కావడానికి రసాయనిక కారణం ఉంది. ఆనాటి ఫిల్ము సెల్యులోజ్ నైట్రేట్, అంటే తుపాకి దూదికి దగ్గరి బంధువు. అంటుకుంటే నీటిలో ముంచినా ఆరదు, ఎందుకంటే మండడానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంది. అంటుకోకపోయినా కాలక్రమాన నైట్రోజన్ ఆక్సైడులను వదులుతుంది. అవి తేమతో కలిసి ఆమ్లమై మిగిలిన ఫిల్మును ఇంకా వేగంగా తినేస్తాయి. వెండికోసం కరిగించివేసిన చిత్రాలూ ఉన్నాయి. అమెరికాలో మిగిలిన నైట్రేటు ఫిల్ములలో అనేకం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారు వర్జీనియాలోని కల్పెపర్‌లో చల్లని గదులలో భద్రపరుస్తున్నారు.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఆ కాలపు బొమ్మల చిత్రాలలో నల్లజాతివారిని, ఇతర జాతులవారిని వెక్కిరించే రూపాలు తరచుగా కనిపిస్తాయి. మెకే 1911లో తీసిన ‘లిటిల్ నీమో’లో కూడ అటువంటి పాత్ర ఉంది. పరాయిదేశంలో మైనారిటీగా పెరుగుతున్న మన పిల్లలు ఆ బొమ్మలను ఒంటరిగా చూడడం మంచిది కాదు. పక్కన కూర్చుని, అది ఆనాటి తప్పు అని చెప్పి చూపించడం మన బాధ్యత.

చూసేటప్పుడు సరైన వేగానికి సవరించిన ప్రతిని ఎంచుకోండి. అది దొరకకపోతే, నేటి యంత్రాలలో వేగం తగ్గించే వీలు సాధారణంగా ఉంటుంది. 18 చొప్పున తీసి 24 చొప్పున ఆడుతున్నదానిని నాలుగింట మూడు వంతులకు తగ్గిస్తే చాలు. 1928లో వెలువడిన ‘స్టీమ్‌బోట్ విల్లీ’ వంటి శబ్దచిత్రాలకు ఈ సవరణ అక్కరలేదు.

మరునాడు గెర్టీని వేగం తగ్గించి మళ్లీ చూశాం. ఈసారి మా మనుమరాలు కొండను పట్టించుకోలేదు. “తాతయ్యా, గెర్టీ ఊపిరి పీలుస్తోంది!” అన్నది. మెకే తన ఊపిరిని గడియారంతో కొలిచి, ఆ లెక్కనే గెర్టీ పొట్ట కదలికకు వాడాడట. మొదటిరోజు హడావిడిలో ఆ ఊపిరి మా ఇద్దరికీ కనిపించలేదు.