4.3 క్షేత్ర పర్యటనకు ఏ కెమెరా?

ప్రాజెక్టు పనికి బయలుదేరే ముందు చాలామంది విద్యార్థులకు కలిగే సందేహం ఇది: చేతిలో ఫోను ఉండగా వేరే కాంపాక్ట్ కెమెరా కొనాలా? మీరు దేన్ని, ఎంత దూరం నుంచి, ఎంత వెలుతురులో ఫొటో తీస్తారన్న దానిపై జవాబు ఆధారపడి ఉంటుంది.

మెగాపిక్సెళ్లు: నాణ్యతకు ఇవి ఒక్కటే కొలత కాదు. ఏ4 కాగితం నిండా అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేయడానికి సుమారు 8.7 మెగాపిక్సెళ్లు చాలు. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి అంతకంటే ఎక్కువే ఉన్నాయి.

సెన్సర్: ఇది కాంతిని గ్రహించే ఫలకం. ఇది పెద్దదైతే మసక వెలుతురులో కూడా బొమ్మ స్పష్టంగా వస్తుంది. చవక కాంపాక్ట్ కెమెరాల్లో చాలావాటి సెన్సర్ సుమారు 6.2 × 4.6 మి.మీ. మాత్రమే. ఖరీదైన ఫోన్ల ప్రధాన సెన్సర్ దీనికన్నా పెద్దది. 'ఒక అంగుళం' సెన్సర్ (13.2 × 8.8 మి.మీ.) ఉన్న కాంపాక్ట్‌లు మేలైనవే కాని ధర ఎక్కువ.

జూమ్: ఆప్టికల్ జూమ్‌లో కటకాలు కదిలి దృశ్యాన్ని దగ్గర చేస్తాయి. డిజిటల్ జూమ్ బొమ్మ అంచులు కత్తిరించి మిగిలినదాన్ని సాగదీస్తుంది. 12 మెగాపిక్సెళ్ల ఫోనులో 4 రెట్లు డిజిటల్ జూమ్ చేస్తే 16వ వంతు, అంటే 0.75 మెగాపిక్సెళ్లే మిగులుతాయి.

ఒకసారి నేను ఒక గుడి గోడపై ఎత్తున ఉన్న శాసనాన్ని ఇలాగే ఫోనుతో తీశాను. చిన్న తెరపై బాగానే కనిపించింది. ఇంటికి వచ్చి కంప్యూటర్‌లో చూస్తే అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. మరుసటి ఏడు వెళ్లేసరికి గోడకు సున్నం వేశారు. ఆ పాఠం నాకు ఇక దక్కలేదు.

కాబట్టి, పనిముట్లు, పత్రాలు, మనుషులు వంటి దగ్గరి విషయాలకు మీ ఫోను చాలు. గోపుర శిల్పాలు, కొల్లేటి ఆటపాకలోని గూడబాతులు వంటివైతే ఆప్టికల్ జూమ్ కావాలి. మీ ఫోనులో టెలిఫోటో కటకం ఉందేమో ముందు చూసుకోండి. లేకపోతే కొనే ముందు ఎవరినైనా కెమెరా అరువు అడగండి. ఏది వాడినా, అక్కడి నుంచి కదిలే ముందే ఫొటోను పెద్దది చేసి అక్షరం అక్షరం చదివి చూసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
12 మెగాపిక్సెళ్ల ఫోనులో 2 రెట్లు డిజిటల్ జూమ్ చేస్తే ఎన్ని మిగులుతాయి? ఆ ఫొటో ఏ4 కాగితం నిండా అచ్చుకు సరిపోతుందా?