ముట్లుడుగు ప్రాయము - "సహజ" హార్మోనులు

మన యిండ్లలో పురిటి సంగతులు చెప్పుకొందురు. పసిబిడ్డల జబ్బులను గూర్చి చెప్పుకొందురు. కాని ముట్లుడుగు ప్రాయమున స్త్రీకి గలుగు బాధలను గూర్చి నోరు విప్పువారు మిక్కిలి యరుదు. "వయస్సు వచ్చినది, ఓర్చుకొనవలెను" అను నొక్క మాటతో ఆ ప్రస్తావము ముగిసిపోవుచుండును. ఈ మౌన మెంత ప్రమాదకరమైనదో మా యింట జరిగిన యొక సంగతి మాకు దెలియజేసినది. మా అక్కగారి యనుమతితోనే దాని నిచట వ్రాయుచున్నాము.

అక్కగారికి 48వ యేట ముట్లుడిగినవి. నాటినుండి రాత్రులు నిద్ర లేదు. ఉన్నట్లుండి ఎదనుండి మొగము వఱకు నిప్పుసెగ తగిలినట్లు ఆవిరులు లేచును. చీర తడిసిపోవునంత చెమట. ఆ వెనుకనే చలి. చిన్న మాటకే విసుగు, ఆ విసుగునకు పశ్చాత్తాపము, కన్నీరు. అమెరికాలో నున్న కుమార్తె కడకు పోయి ఆఱు మాసము లున్నప్పుడు, అచట "ప్రకృతిసిద్ధమైన హార్మోనులు" ఎవరికి తగినట్లు వారికి కలిపి యిత్తురని విని, చర్మమునకు రాచుకొను ఈస్ట్రడయోల్ లేపనమును, దానికి తోడుగా పెండలపు దుంప లేపనమును తెచ్చుకొనిరి. ఆవిరులు నిజముగనే తగ్గినవి. "సహజమైన వస్తువునకు దోషమేమి?" అని మేమును వత్తాసు పలికితిమి. అదియే మా తప్పు.

ఇందలి కిటుకును సోదరీమణు లెఱుగవలెను. స్త్రీ యండాశయములు ఈస్ట్రజెన్, ప్రొజెస్టిరోన్ అను రెండు విధములగు హార్మోనులను పుట్టించును. ప్రాయము ముదిరినకొలది అవి క్షీణించును. పండ్రెండు మాసములు వరుసగా ముట్టు రానిచో ముట్లుడిగినట్లు వైద్యులు లెక్కింతురు. పాశ్చాత్య దేశములలో ఇది సగటున 51వ యేట, మన దేశమున సుమారు 46, 47 ఏండ్లకు సంభవించును. శరీరము పుట్టించు హార్మోనుతో అణువు అణువున సరిపోలునట్లు కర్మాగారమున తయారుచేయబడినవే "శరీరసమాన హార్మోనులు". మూలపదార్థము చెట్టుచేమలనుండి వచ్చినను, వానిని హార్మోనుగా మార్చునది రసాయనశాల. 1940 ప్రాంతమున రసెల్ మార్కర్ అను అమెరికా రసాయనవేత్త మెక్సికో దేశపు అడవి పెండలమునుండి ప్రొజెస్టిరోన్ తయారుచేసి ఖ్యాతి గాంచెను. కాని ఆ మార్పు చేయు శక్తి మన దేహమునకు లేదు. దుంప నెంత రాచుకొన్నను ప్రొజెస్టిరోన్ పుట్టదు.

పుట్టకున్న నేమి? ఈస్ట్రజెన్ గర్భకోశపు లోపలి పొరను పెంచును. ప్రొజెస్టిరోన్ ఆ పెరుగుదలను అదుపులో నుంచును. గర్భకోశ మున్న స్త్రీ ఈస్ట్రజెన్‌ను మాత్రమే వాడినచో ఆ పొర దళసరియై, కొందఱిలో కాలక్రమమున క్యాన్సరుగా పరిణమింపవచ్చును. అక్కగారు వాడిన రెంటిలో ఒకటి నిజమైన హార్మోను. రెండవది పేరునకు మాత్రమే.

తిరిగి వచ్చిన పది మాసములకు ఆమెకు ఎఱ్ఱని మఱక కనబడెను. "మరల యౌవనము వచ్చినది కాబోలు" అని ఆమె నవ్వగా మేమును నవ్వితిమి. రెండు నెలలు గడచినవి. తుదకు కోడలు పట్టుబట్టి వైద్యురాలి కడకు తీసికొనిపోయెను. పొర మిక్కిలి దళసరియైనదని స్కానులో తేలెను. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపిరి. ఫలితము వచ్చువఱకు ఆ వారము దినములు మా యింట నెవరికిని అన్నము సయింపలేదు. దైవానుగ్రహమున అది క్యాన్సరు కాదు. కొన్ని మాసముల చికిత్సతో పొర యథాస్థితికి వచ్చెను.

అట్లని హార్మోను చికిత్సనే నిందింపరాదు. గర్భముతో నున్న గుఱ్ఱముల మూత్రమునుండి తీసిన ఈస్ట్రజెనులు 1942లో అమెరికాలో వాడుకకు వచ్చెను. దానితో కృత్రిమమగు ప్రొజెస్టిన్ చేర్చి 16,608 మంది స్త్రీలపై జరిపిన మహాపరిశోధన ఫలితములు 2002లో వెలువడెను. మందు వాడని 10,000 మందిలో ఏటికి 30 మందికి రొమ్ము క్యాన్సరు రాగా, వాడినవారిలో 38 మందికి వచ్చెను. ఆ భయముతో లక్షలాది స్త్రీలు మందు మానిరి. పెక్కుమంది "సహజ" మిశ్రమములవైపు మరలిరి. కాని ఆ పరిశోధనలోని స్త్రీల సగటు వయస్సు 63 ఏండ్లు. 60 ఏండ్లకు లోబడి, లేదా ముట్లుడిగిన పదేండ్లలోపల మొదలిడినచో, తగిన స్త్రీలకు కీడుకంటె మేలే యెక్కువయని నేటి వైద్యుల యభిప్రాయము.

శరీరసమాన హార్మోనులలో రెండు తెగలున్నవి. ప్రభుత్వ పరీక్షల కాగి, మోతాదు నిర్ణయింపబడినవి ఒక తెగ: ఈస్ట్రడయోల్ జెల్, అంటించు పట్టీ, మైక్రోనైజ్డ్ ప్రొజెస్టిరోన్ గుళిక మున్నగునవి. విడిగా కలిపి యిచ్చునవి రెండవ తెగ. వీని క్షేమమునకు, గుణమునకు చాలినంత నిదర్శనము లేదని అమెరికాలోని జాతీయ విజ్ఞాన పరిషత్తులు 2020లో ప్రకటించెను. ఉమ్మి పరీక్షించి మోతాదు నిర్ణయింతు మనువారి మాటయు నమ్మదగినది కాదు.

మన తెలుగునాట ఇంకొక చిక్కు గలదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15-49 ఏండ్ల స్త్రీలలో గర్భకోశము తీయించుకొన్నవారు దేశమున నూటికి 3.2 కాగా, ఆంధ్రప్రదేశమున 8.9, తెలంగాణమున 7.7. అండాశయములు గూడ తీసివేసినచో ముట్లుడుగు బాధ లొక్కసారిగా వచ్చిపడును. ఎముకలు చిన్నతనముననే గుల్లబారును. కావున శస్త్రచికిత్సకు ఒప్పుకొనుటకు ముందే "ఏమేమి తీసివేయుదురు? ఏల?" అని తప్పక అడుగవలెను. గర్భకోశము లేనివారికి సాధారణముగా ఈస్ట్రజెన్ ఒక్కటియే చాలును.

రొమ్ము క్యాన్సరు వచ్చినవారు, రక్తనాళములలో నెత్తురు గడ్డకట్టినవారు, గుండెపోటు, పక్షవాతము వచ్చినవారు, కాలేయ వ్యాధి గలవారు ఈ సంగతి వైద్యునితో ముందుగా చెప్పవలెను. సాధారణముగా ఈ చికిత్స వారికి తగదు. ముట్లుడిగిన పిమ్మట ఒక్క చుక్క మఱక కనబడినను ఉపేక్షింపరాదు. అది యౌవనము గాదు; హెచ్చరిక.

అక్కగారిపుడు వైద్యురాలి పర్యవేక్షణలో జెల్ రాచుకొనుచు, రాత్రి పడుకొనబోవునపుడు ప్రొజెస్టిరోన్ గుళిక వేసికొనుచున్నారు. అది కొంచెము మత్తు గలిగించును గాన రాత్రి వేళయే దానికి తగినది. ఆమె సుఖముగా నిద్రించుచున్నారు. "నీవు వ్రాయుము, సిగ్గుపడి నావలె నెవరును రెండు నెలలు పోగొట్టుకొనరాదు" అని ఆమెయే మమ్ము ప్రేరేపించిరి. సోదరీమణులారా, మీ తల్లులను, అత్తలను, అక్కలను ఈ రాత్రియే అడిగి చూడుడు: "నిద్ర పట్టుచున్నదా?" అని. వారు చెప్పుటకు ఎదురుచూచుచుండిరేమో.