కావలివాణ్ణి నిద్రపుచ్చే క్రిమి

మొజంజాహీ మార్కెట్ పక్కన ఆఫీసుల సందడి మధ్య సాగిన క్షయ పరిశోధన. అందులో ఓ జపాన్ పసివాడి కణాలున్నాయి, నేపాళం నూనె ఉంది, ఎలుకలున్నాయి.

తుల్జాగూడ కాంప్లెక్స్, మొజంజాహీ రోడ్, నాంపల్లి. ఏ ట్రావెల్స్ ఆఫీసుకో, చిట్‌ఫండ్ కంపెనీకో సరిపోయే చిరునామా. ఇంకా పాత కాగితాల్లో గృహకల్ప భవనం, నాంపల్లి అని ఉంటుంది. అంటే హౌసింగ్ బోర్డు ఆఫీసున్న ప్రాంగణం. క్షయ క్రిమి మనిషి కణంలో దూరి ఏం చేస్తుందో చెప్పే వ్యాసాల నెత్తిన ఈ చిరునామాలు విదేశీ ఇమ్యునాలజీ పత్రికల్లో అచ్చయ్యాయంటే, నుమాయిష్‌కి వెళ్తూ ఆ గేట్ల ముందు ఆటో దిగిన లక్షలాది మందిలో ఎవరికి తెలుసు?

మార్చి 24 ప్రపంచ క్షయ దినం. దానికి ముందొచ్చే ఆదివారం సంచికకి ముఖచిత్ర కథనం రాయమన్నారు ఎడిటర్ గారు. ప్రయోగశాలల్లో ఎలుకల మీద, కణాల మీద పని చేసి రోగం ఒంటిని ఎలా తినేస్తుందో ఎలా కనిపెడతారన్నది విషయం. గురువారం సాయంత్రానికి పేజీలు మూసేస్తారట. ఊరు దాటే వ్యవధి లేదు. పాత వ్యాసాలు తిరగేస్తుంటే ఈ చిరునామా తగిలింది, ఊరు దాటే అవసరమూ తప్పింది. ఎంజే మార్కెట్ మీద నాకు మక్కువ. గడియారం గోపురం గురించి, ఐస్‌క్రీమ్ గురించి రాయమంటే రాత్రికి రాత్రే రాసిచ్చేవాణ్ణి. ‘ఎలుకల్లో ఘన విజయం’ తరహా వార్తల మీద మాత్రం నాకు బొత్తిగా గురి లేదు. ఈ కథనంలో ఆ రెండూ కనిపిస్తాయి, ముందే చెబుతున్నాను.

చరిత్ర నాలుగు ముక్కల్లో. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ క్షయకు మూలం ఓ క్రిమి అని చూపించాడు. గినీ పందులకు ఆ క్రిమిని ఎక్కించి, అదే రోగం రప్పించి మరీ రుజువు చేశాడు. 1921లో బీసీజీ టీకా వచ్చింది. 1940లలో స్ట్రెప్టోమైసిన్ నిగ్గు తేలిందీ గినీ పందుల మీదే. 1935లో నిజాం తన రెండో కొడుకు మొజంజా పేరు మీద మన మార్కెట్ కట్టించాడు. 1996లో సెంటర్ ఫర్ డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ అండ్ డయాగ్నస్టిక్స్, అదే సీడీఎఫ్‌డీ, ఏర్పడింది. తర్వాత నాంపల్లిలో చాలా ఏళ్లు నడిచి, ఇప్పుడు ఉప్పల్‌లో సొంత ప్రాంగణంలో ఉంది. 1998లో క్షయ క్రిమి జన్యుపటమంతా బయటపడింది. అక్కడి నుంచీ మన కథ.

సీడీఎఫ్‌డీ అంటే పాఠకులకు గుర్తొచ్చేది కోర్టు కేసులే. 2012లో రాజకీయ నేత ఎన్.డి. తివారీ పితృత్వ పరీక్ష జరిగిందీ అక్కడే. ఆ జూలైలో ఢిల్లీ హైకోర్టులో నివేదిక విప్పినప్పుడు దేశంలోని పత్రికలన్నీ దాన్ని ఎత్తి రాశాయి. సరిగ్గా అదే ఏడాది, అదే సంస్థ నుంచి, క్షయ క్రిమిలో ఒక్క జన్యువు తీసేస్తే ఎలుకలు ఎక్కువ కాలం బతికాయని ఓ వ్యాసం వచ్చింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మన వృత్తి ధర్మం అది మరి!

ఆ వ్యాసం వెనక ఉన్నది సంగీతా ముఖోపాధ్యాయ నడిపిన మాలిక్యులర్ సెల్ బయాలజీ లేబొరేటరీ. వాళ్లు పట్టుకున్న దొంగ పేరు పీపీఈ18, క్షయ క్రిమి తయారు చేసుకునే ఓ ప్రోటీన్. కోవిడ్ నాటి కిట్లకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. క్షయ క్రిమికి దాదాపు 4,000 జన్యువులుంటే, వాటి రాతలో పదోవంతు పీఈ, పీపీఈ అనే రెండు కుటుంబాలదే. జన్యుపటం వచ్చిన రోజున ఇవి ఎందుకున్నాయో ఎవరికీ తెలియదు. అంత చిన్న క్రిమి ఊరికే అంత బరువు మోస్తుందా అన్నది అప్పటి అనుమానం.

మన ఒంట్లో మాక్రోఫేజ్ అనే కణం కావలివాడు. చొరబడ్డ క్రిమిని చుట్టేసి మింగుతుంది, లోపల ఆమ్లంతో, నైట్రిక్ ఆక్సైడ్‌తో చంపేస్తుంది. క్షయ క్రిమి ఈ కావలివాణ్ణి చూసి పారిపోదు సరికదా, వాడి ఇంట్లోనే కాపురం పెడుతుంది. ఎలా సాధ్యం?

ఇది తేల్చాలంటే మాక్రోఫేజ్‌లు కావాలి. ఇలాంటి ప్రయోగాలకు ప్రపంచమంతా వాడే కణాల్లో టీహెచ్‌పీ-1 ఒకటి. దాని పుట్టుక 1980 నాటిది. జపాన్‌లో రక్త క్యాన్సర్ వచ్చిన ఏడాది వయసు మగబిడ్డ రక్తం నుంచి తీసిన కణాలవి. క్యాన్సర్ కణాలు కాబట్టి తిండి పెడితే విభజన ఆపవు. ఆ బిడ్డ పేరు శాస్త్రానికి అక్కర్లేకపోయింది, కణాలకు మాత్రం ఖండాంతర ప్రయాణాలు దక్కాయి.

ఈ కణాల్ని పెంచడం చూడ్డానికి బాగుంటుంది. ఓ చదునైన ప్లాస్టిక్ సీసా. అడుగున గులాబి రంగు ద్రవం, అందులో చక్కెర, లవణాలు, అమినో ఆమ్లాలు, దూడ పిండపు రక్తం నుంచి తీసిన సీరం. ద్రవం పసుపు రంగుకు తిరిగితే కణాలు తిండి తినేసి ఆమ్లం వదిలాయని లెక్క, మార్చెయ్యాలి. సీసాల్ని 37 డిగ్రీల వేడిలో, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న పెట్టెలో పెడతారు. టీహెచ్‌పీ-1 కణాలు మామూలుగా ఈ ద్రవంలో గుండ్రంగా తేలుతుంటాయి. అప్పటికి అవి ఇంకా మాక్రోఫేజ్‌లు కావు. వాటికి పీఎంఏ అనే రసాయనం లేశమంత తగిలిస్తే విభజన మానేస్తాయి, అడుగుకు అతుక్కుంటాయి, ఒళ్లు పరుచుకుంటాయి. ఒకటి రెండు రోజులకు సూక్ష్మదర్శినిలో చూస్తే కాళ్లు చాపుకుని కూర్చున్న మాక్రోఫేజ్‌లు.

ఈ పీఎంఏ మొదట దొరికింది ఎక్కడనుకున్నారు? నేపాళం గింజల నూనెలో. మొండి మలబద్ధానికి పాత వైద్యులు భయపడుతూ వాడిన ఆ నేపాళమే! చర్మానికి తగిలితే బొబ్బలెక్కిస్తుంది. మార్కెట్ నుంచి బేగంబజార్ మూలికల దుకాణాల దాకా నడిచి వెళ్లేంత దూరమే. ఈ కథనం మొత్తంలో నాకు బాగా నచ్చిన ముక్క ఇదే అని ఒప్పుకోక తప్పదు.

ఇక దొంగ సంగతి. 2009లో ‘జర్నల్ ఆఫ్ ఇమ్యునాలజీ’లో వచ్చిన వ్యాసం చెప్పేదిది. మాక్రోఫేజ్ పైపొర మీద టీఎల్ఆర్2 అనే గ్రాహకం ఉంటుంది. క్రిమి తాలూకు కొన్ని రకాల ముక్కలు తగిలితే లోపలికి హెచ్చరిక పంపడం దాని పని. పీపీఈ18 వెళ్లి ఆ గ్రాహకానికే, అందులోనూ ఓ నిర్దిష్టమైన చోట, అంటుకుంటుంది. హెచ్చరిక మోగాల్సిన చోట పీ38 అనే మరో మీట పడుతుంది. కణం ఐఎల్-10 అనే పదార్థాన్ని విడుదల చేస్తుంది. ఐఎల్-10 మన ఒంటిదే, మంట (ఇన్‌ఫ్లమేషన్) మితిమీరకుండా చల్లార్చడానికి పెట్టుకున్నది. అది పెరిగితే కబురు పంపే ఐఎల్-12 తగ్గుతుంది, రోగనిరోధక దళంలోని టీ కణాలకు రమ్మనే పిలుపు అందదు. క్రిమికి కావలసిందీ అదే. 2011 వ్యాసంలో ఇంకో మెలిక బయటపడింది. మంట పుట్టించే జన్యువుల్ని నడిపే ఎన్ఎఫ్-కప్పాబీని కూడా ఈ ప్రోటీన్ అణచేస్తుందని, అందుకు ఎస్ఓసీఎస్3 అనే మన సొంత అణచివేత ప్రోటీన్‌నే వాడుకుంటుందని. అంటే కావలివాణ్ణి కొట్టి పడెయ్యడం లేదు, వాడి దిండూ దుప్పటీ వాడికే పరిచి పడుకోబెడుతోంది.

నాబోటి అనుమానపు మనిషి ఇక్కడ అడగాల్సింది ఒకటుంది. ఇలాంటి ప్రోటీన్లను ఈ.కోలై బాక్టీరియాలో తయారు చేస్తారు. ఈ.కోలై గోడలో ఉండే ఎండోటాక్సిన్ రవ్వంత కలిసినా మాక్రోఫేజ్ ఎగిరిపడుతుంది. అప్పుడు చూసింది పీపీఈ18 ప్రభావమా, మురికి ప్రభావమా? అందుకే పాలిమిక్సిన్ అనే మందు అతికించిన పూసల గుండా ప్రోటీన్‌ను పంపి ఆ మురికిని వదలగొడతారు. పత్రికల వాళ్లం చదవని భాగం ఇదే. చదివితే సగం శీర్షికలు పెట్టలేం.

పెట్టె: అఫ్జల్‌గంజ్ కుక్కలు

మార్కెట్ నుంచి మూసీ వైపు వెళ్తే అఫ్జల్‌గంజ్. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రికి ముందు అక్కడున్న అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలో 1888, 1889లలో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు కూర్చున్నాయి. మత్తుమందుగా వాడిన క్లోరోఫాం మనుషుల్ని చంపేది గుండె ఆపా, ఊపిరి ఆపా అన్నది తగువు. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఊపిరే అన్నాడు. ఆరో నిజాం డబ్బిచ్చి లండన్ ‘లాన్సెట్’ పత్రిక తరఫున వైద్యుడు లాడర్ బ్రంటన్‌ను రప్పించాడు. కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, వందల జంతువులు బలయ్యాయి. లారీయే నెగ్గాడని తీర్పొచ్చింది. కానీ 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చేసి చూపించాడు: మత్తు తేలిగ్గా ఉన్నప్పుడే క్లోరోఫాం గుండెను గిలగిల్లాడించి ఆపేయగలదు.

సరే, సీసాలో కణం పడుకుంది. ఒంట్లో పడుకుంటుందా? 2012 వ్యాసం ఇందుకే. క్షయ క్రిమిలోంచి పీపీఈ18 జన్యువును తొలగించి, అసలు క్రిమిని కొన్ని ఎలుకలకు, కోత పడ్డ క్రిమిని మరికొన్నిటికి ఎక్కించారు. కోత పడ్డ క్రిమి సోకిన ఎలుకల అవయవాల్లో క్రిముల భారం తక్కువ. అవి ఎక్కువగా బతికాయి. చూడ్డానికి ఇంతే. కానీ ఒక్క ప్రోటీన్ పోతే క్రిమి ఇంత బలహీనపడుతుందంటే, అది అలంకారానికి పెట్టుకున్నది కాదని తేలిపోయింది.

అయితే ఎలుక మనిషి కాదు. మామూలు ప్రయోగశాల ఎలుక ఊపిరితిత్తుల్లో మనకు పడ్డట్టు గుల్లలు పడవు, కణజాలం జున్నుముద్దలా చితికిపోదు. మనిషి క్షయలో నష్టం చాలా మటుకు ఆ గుల్లల్లోనే ఉంది. క్రిమి చేసేది కొంత, దాన్ని తరిమే మంట చేసేది కొంత. మంట లేకపోయినా ముప్పే. కీళ్లవాతానికి వాడే ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇంజెక్షన్ మంట పుట్టించే టీఎన్ఎఫ్‌ను అడ్డుకుంటుంది. అది వాడినవాళ్లలో 70 మందికి క్షయ బయటపడిందని 2001లో లెక్క తేలింది. అలాంటి మందు మొదలుపెట్టే ముందు డాక్టర్లు క్షయ పరీక్ష చేయించేది ఇందుకే.

మంటను చల్లార్చే ప్రోటీన్ చేతికొచ్చినప్పుడు దాన్ని మందుగా వాడితే? 2018లో అదే బృందం సెప్సిస్, అంటే ఇన్‌ఫెక్షన్‌కు ఒళ్లంతా మంటెక్కే స్థితి, తెప్పించిన ఎలుకలకు పీపీఈ18 ఇచ్చింది. మంట తగ్గింది, బతికినవి పెరిగాయి. దొంగ చేతి తాళంచెవి అన్నమాట. ఇక్కడ నా గొంతు కాస్త గట్టిపడుతుంది. సెప్సిస్ పరిశోధన ఎలుకల్లో గెలిచి మనుషుల్లో ఓడిన మందుల శ్మశానం. టీఎల్ఆర్2 లాంటి మరో గ్రాహకం టీఎల్ఆర్4ను అడ్డుకునే ఎరిటోరాన్ కూడా అలాగే వచ్చి, 2013లో పెద్ద పరీక్షలో మరణాలు తగ్గించలేకపోయింది. అదే ఏడాది, మంట విషయంలో ఎలుక జన్యువుల స్పందన మనిషిదాన్ని పోలనే పోలదని ఓ పెద్ద వ్యాసం వచ్చింది. దాదాపు అవే వివరాలు తీసుకుని, బాగానే పోలుతుందని ఇంకో బృందం మరుసటేడు వాదించింది. ఇప్పటికీ ఎవరి మాట మీద వాళ్లున్నారు. సీడీఎఫ్‌డీ ఫలితాన్ని కొట్టిపారెయ్యను, దాని మీద శీర్షిక మాత్రం పెట్టను.

పెట్టె: తార్నాక లావు ఎలుక

జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూర్ నుంచి హైదరాబాద్ వచ్చింది. దాని జంతుశాలలోని విస్టార్ ఎలుకల్లో కొన్ని ఏ ప్రయోగమూ చెయ్యకుండానే విపరీతంగా లావెక్కడం 1990లలో కనిపించింది. వాటిని వేరుచేసి పెంచిన సంతతే ఊబకాయం, మధుమేహం పరిశోధనల్లో వాడే డబ్ల్యూఎన్ఐఎన్/ఓబీ. జంతువుల మీద ఏ ప్రయోగానికైనా సంస్థలోని నైతిక కమిటీ అనుమతి ఉండాలి. ఆ నిబంధనలకు ఆధారం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం.

పీపీఈ18 కథలో ఇంకో మలుపుంది, అది నాంపల్లికి సంబంధం లేకుండా జరిగింది. 1990ల చివర్లో అమెరికాలోని సియాటెల్‌లో కొరిక్సా అనే కంపెనీ శాస్త్రవేత్తలు, క్షయ క్రిమి సోకినా జబ్బు పడని మనుషుల టీ కణాలు ఏ ప్రోటీన్‌ను చూసి మేల్కొంటాయో వెతికారు. దొరికినవాటిలో ఒకదానికి ఎంటీబీ39 అని పేరు పెట్టారు. అది పీపీఈ18 ప్రోటీనే. దాన్ని ఇంకో ప్రోటీన్‌తో కలిపి కుట్టి, గట్టి ఉత్తేజకం జోడించి తయారుచేసిన టీకా ఎం72. దక్షిణాఫ్రికా, కెన్యా, జాంబియాల్లో దాదాపు 3,500 మంది మీద చేసిన పరీక్షలో మూడేళ్లకు దాదాపు 50 శాతం రక్షణ కనిపించిందని 2019లో ప్రకటించారు. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల క్షయ ముందు బీసీజీ ఎంత బలహీనమో మనకు తమిళనాడులోని చెంగల్పట్టులో జరిగిన బీసీజీ పరీక్షే నేర్పింది కాబట్టి, సగమన్నా చాలా ఎక్కువే.

కావలివాణ్ణి పడుకోబెట్టే ప్రోటీన్‌నే పట్టుకుని కావలివాళ్లకు శిక్షణ ఇవ్వడం కుదురుతుందా? దానిలో పడుకోబెట్టే గుణం టీకాలోనూ మిగిలి ఉంటే? ఉత్తేజకం ఆ గుణాన్ని మించిపోతుందని టీకా పక్షం వాదన. 50 శాతం అంకె వాళ్ల వైపే మొగ్గు చూపుతోంది. 2024 మార్చిలో దక్షిణాఫ్రికాలో మూడో దశ మొదలైంది. 20 వేల మంది దాకా లక్ష్యం. ప్రపంచ క్షయ రోగుల్లో నాలుగో వంతు ఉన్న మన దేశం ఆ పరీక్షా కేంద్రాల్లో లేదు. ఫలితాలు వచ్చినప్పుడు అందరూ రక్షణ శాతం చూస్తారు. టీకా వేసుకున్నవాళ్ల రక్తంలో ఐఎల్-10 కొలిచిన పట్టిక కూడా వేస్తే, నేను ముందు ఆ పేజీ తిప్పుతాను.