గుండ్రమా, చతురస్రమా?

నిస్సాన్ 1969లో తెచ్చిన ఫెయిర్‌లేడీ జెడ్ స్పోర్ట్స్ కారే అమెరికాలో డాట్సన్ 240జెడ్. ఇంత పాత కారుకి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పగిలితే చాలామంది ముందు చూసేది కారు ఏ సంవత్సరానిదని. బోల్తా పడేది అక్కడే! 240, 260, 280 మూడింట్లోనూ ఉన్నది ఎల్-సిరీస్ ఆరు సిలిండర్ల ఇంజినే. పాత ఓనరెవరో ఒకదాని హెడ్ తీసి ఇంకోదానికి బిగించేసి ఉండొచ్చు. ఆ సంగతి కాగితాల్లో ఉండదు.

అందుకని బానెట్ ఎత్తి, సిలిండర్ హెడ్ మీద పోతలోనే వచ్చిన గుర్తు చదవాలి. ఇ31, ఇ88, ఎన్42 అయితే ఎగ్జాస్ట్ పోర్టులు చతురస్రం. ఎన్47, పి79 అయితే లోపల లైనర్‌తో గుండ్రం. మానిఫోల్డ్, గ్యాస్కెట్ రెండూ దాన్ని బట్టే కొనాలి.

ఇంకో తిరకాసుంది. ఈ ఇంజిన్‌కి ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ ఒకే పక్కన ఉంటాయి. కొన్నిచోట్ల ఒకే వాషర్ రెండు ఫ్లాంజ్‌లనీ కలిపి నొక్కి పట్టుకోవాలి. కొత్తదాని ఫ్లాంజ్ పలచగా ఉందా, వాషర్ వాలిపోతుంది, అటువైపు బిగువుండదు. లీకంటే చప్పుడొక్కటే కాదు, వాసన కూడా తెలియని కార్బన్ మోనాక్సైడ్ కారు లోపలికి చేరొచ్చు. ఫస్టియర్‌లో మనం విసుక్కుంటూ పట్టుకున్న వెర్నియర్ ఇక్కడ పనికొస్తుంది, రెండు మందాలూ కొలిచి చూడండి.

వెనక పైపు సంగతి తేలికే. 1974లో మొదలైన 2+2 మోడల్ వీల్‌బేస్ 2605 మి.మీ., రెండు సీట్లదానికి 2305. దీని పైపు దానికి తెస్తే 30 సెం.మీ. ముక్క అతికించుకోవాల్సిందే.