నీరుగంటి ఇంటిపేరు: అపోహలు – వాస్తవాలు

పావగడ తాలూకా పటంలో కర్ణాటక, ఇళ్లలో తెలుగు. తుమకూరు జిల్లాలో ఉన్నా దాదాపు అన్ని వైపులా ఆంధ్ర పొలిమేరే. ఈ తాలూకా పేరు బయటివాళ్లకు తెలిసిందంటే అది సోలార్ పార్కు పుణ్యం. తిరుమణి, వళ్లూరు, బలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు ఊళ్ల పొలాల్లో సుమారు 13 వేల ఎకరాల మేర పలకలు పరిచి 2,050 మెగావాట్ల కరెంటు తీస్తున్నారు. అంతకు ముందు ఈ సీమ బతుకంతా వాన, చెరువు, బావి, వేరుశనగ. చెరువు ఉన్న ప్రతి ఊళ్లో తూము దగ్గర ఒక మనిషి ఉండేవాడు. అతనే నీరుగంటి. కొన్నిచోట్ల నీరుగట్టి, నీరుగట్టు అన్నారు. ఆ పని దాదాపు పోయింది. అక్కడక్కడా ఇంటిపేరుగా మాత్రం మిగిలింది. అరుదైన పేరు కాబట్టి దాని చుట్టూ కథలూ ఎక్కువే.

అపోహ: నీరుగంటి అనేది ఒక కులం.

కాదు, అది ఊరి కొలువు. పాత మైసూరు సీమలో ఊరికి పన్నెండుమంది ఆయగాళ్లని లెక్క చెప్పేవారు. గౌడ, శానుభోగు (కరణం), తలారి, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి లాంటి వాళ్ల వరసలోనే నీరుగంటీ ఉంటాడు. తూము తెరవడం, మూయడం, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూడడం, కాలువ పూడితే తీయించడం, గట్టి వాన పడ్డ రాత్రి కట్ట మీద కాపలా ఉండడం అతని పని. జీతం లేదు. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు అతని వంతు గింజలు, సాగుచేసుకోవడానికి కాస్త ఇనాం భూమి, అంతే.

ఈ పని ఎవరు చేసేవారన్నది ఊరినిబట్టి మారింది. చాలా ఊళ్లలో దళిత కుటుంబాలు చేశాయి, కొన్నిచోట్ల వేరే కులాలవాళ్లూ చేశారు. ఆయకట్టులో సొంత మడి లేనివాడైతే నీళ్లు పంచడంలో పక్షపాతం చూపడని, అందుకే ఆ కొలువు వాళ్లకిచ్చారని పెద్దలు చెబుతారు. వినడానికి బాగానే ఉంటుంది. అతనికి మడి ఎందుకు లేకపోయిందో ఆ మాట చెప్పేవాళ్లు చెప్పరు.

అపోహ: ఇంటిపేరు అరుదుగా ఉందంటే ఆ వృత్తి కూడా అరుదే.

ఇక్కడ చాలామంది తలకిందులుగా ఆలోచిస్తారు. కాస్త దూరం పోయి చూద్దాం. స్లావ్ దేశాల్లో కమ్మరి పని నుంచి పుట్టిన ఇంటిపేర్లకు లెక్కలేదు. రష్యాలో కుజ్నెత్సోవ్, ఉక్రెయిన్‌లో కొవాలెంకో, క్రొయేషియాలో కొవాచ్, పోలండ్‌లో కొవాల్‌స్కీ అన్నీ కొలిమి దగ్గర పుట్టినవే. ఆ దేశాలు కమ్మరులతో కిటకిటలాడాయని కాదు. ఊరికి ఒక్క కమ్మరే ఉంటాడు గనక ‘కమ్మరి ఇవాన్’ అంటే ఇంకో ఇవాన్‌తో పొరబడే వీలుండదు. అందుకని ఆ గుర్తు ప్రతి ఊళ్లోనూ విడివిడిగా పుట్టి, పిల్లలకు సంక్రమించి నిలబడింది. అదే పోలండ్‌లో చెట్ల తొర్రల్లో తేనెటీగలను పెంచే పనివాళ్లకు వచ్చిన ‘బార్ట్‌నిక్’ అన్న పేరు కొవాల్‌స్కీ ముందు ఏ మూలకూ రాదు. ఆ పని అడవులున్న చోటే సాగుతుంది మరి. పోలండ్, బెలారుస్‌ల ఈ తేనె విద్యను 2020లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ లెక్కన నీరుగంటి కొవాల్‌స్కీ అంత మామూలు పేరు కావాలి. ఊరూరా చెరువు, చెరువు చెరువుకూ నీరుగంటి. అయినా కాలేదు. కారణం కాగితం రాసినవాడి అలవాటులో ఉందని నా అభిప్రాయం. మన గుమాస్తా మనిషి చేసే పని కంటే ముందు కులం అడుగుతాడు. అనంతపురం, కర్నూలు వైపు ఓటర్ల జాబితాలు తిరగేస్తే బోయ, కురుబ, చాకలి, ఉప్పర అన్నవి ఇంటిపేర్ల చోట బారులు తీరి కనిపిస్తాయి. ఆ కుటుంబాలకు ఇంట్లో వేరే ఇంటిపేర్లు ఉంటాయి. రాసినవాడు అడగలేదు, వీళ్లు చెప్పలేదు. నీరుగంటి కొడుకు కూడా ఆ జాబితాలో తన కులం పేరుతోనే ఎక్కి ఉంటాడు. కొలువు పేరు నిలబడింది ఎక్కడో ఒకచోట.

అపోహ: పాత రికార్డులో మా తాత పొలం పక్కన ‘నీరుగంటి’ అని ఉంది, కాబట్టి అదే మా ఇంటిపేరు.

తొందరపడకూడదు. పాత భూమి పుస్తకాల్లో ‘నీరుగంటి ఇనాం’, ‘తలారి ఇనాం’, ‘తోటి ఇనాం’ అని రాసింది భూమి రకం గురించి. ఏ కొలువుకు ఆ భూమిని వదిలారో అది చెబుతుంది తప్ప మనిషి ఇంటిపేరు చెప్పదు. కర్ణాటకలో వంశపారంపర్య గ్రామ కొలువులను రద్దు చేసే చట్టం 1961లో వచ్చి, 1963 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. పటేలు, శానుభోగు మొదలుకొని తలారి, తోటి, నీరుగంటి దాకా అందరి కొలువులూ పోయాయి. ఇనాం భూములను ఆ కొలువు చేసినవాళ్లకే తిరిగి మంజూరు చేసే ఏర్పాటు అందులో ఉంది. ఆ భూమి తర్వాత చేతులు మారి ఉండవచ్చు, అన్నదమ్ములు పంచుకొని ఉండవచ్చు. పుస్తకంలో పాత మాట మాత్రం అలాగే ఉంటుంది. పొలిమేర దాటి హిందూపురం, మడకశిర వైపు పోతే కరణాల వ్యవస్థ ఇంకో ఇరవై ఏళ్లు బతికింది. ఎన్టీఆర్ ప్రభుత్వం 1984లో దాన్ని తీసేసింది. ఒకే రకం ఊళ్లు, ఒకే భాష, రెండు రాష్ట్రాల దస్తరాలు. ఇటు శానుభోగు రాసిందీ అటు కరణం రాసిందీ ఒకే పద్ధతిలో ఉంటాయనుకుంటే తాతల చిట్టా తప్పుతుంది.

అపోహ: కర్ణాటక తెలుగువాళ్లకు ఇంటిపేర్లు లేవు.

బడి రిజిస్టరు చూసి పుట్టిన మాట ఇది. కన్నడ సీమ పద్ధతిలో పిల్లవాడి పేరు ముందు ఊరి పేరు పొడి అక్షరం, తండ్రి పేరు పొడి అక్షరం వేస్తారు, ఇంటిపేరుకు చోటుండదు. ఆధార్‌లోనూ అదే దిగుతుంది. అదే ఇంట్లో పెళ్లి మాట కదలనీయండి, పెద్దమ్మ మొదటి ప్రశ్నే ‘ఎవరింటి వాళ్లు?’ అని. ఇంటిపేరు కలిస్తే అన్నదమ్ముల వరస, సంబంధం అక్కడికి సరి. ఇంటిపేరు లేనిచోట ఆ ప్రశ్న పుట్టదు.

దీనికి తోక అపోహ ఒకటుంది. ఇంటిపేరు ఒకటైతే వంశం ఒకటేనని. ఒకే కులంలో, ఒకే సీమలో ఆ మాట చాలావరకు చెల్లుతుంది. కొలువు పేర్ల విషయంలో బొత్తిగా చెల్లదు. సిడ్నీ ఒలింపిక్స్‌లో 2000లో కాంస్యం ఎత్తుకొచ్చిన కరణం మల్లీశ్వరిది శ్రీకాకుళం జిల్లా. కరణం ఇంటిపేరువాళ్లు రాయలసీమలోనూ ఉన్నారు. ఊరికో కరణం ఉన్నప్పుడు ఊరికో కరణం వారి వంశం పుట్టగలదు.

అపోహ: తలారి ఇంటిపేరువాళ్ల పూర్వీకులు తలలు నరికినవాళ్లు.

సినిమాల్లో ముసుగు వేసుకొని కత్తి పట్టుకున్న మనిషిని చూసి చూసి ఈ మాట స్థిరపడిపోయింది. నీరుగంటి లాగే తలారి కూడా ఊరి కొలువే, అతని పని కాపలా. రాత్రి గస్తీ తిరగడం, దొంగతనం జరిగితే జాడ తీయడం, పొలిమేర గుర్తులు చూపడం, కచేరి కబురు ఇంటింటికీ చేరవేయడం. నాగార్జునకొండలో క్రీస్తుశకం 3వ శతాబ్దపు ఇక్ష్వాకుల శాసనాల్లో ‘మహాతలవర’ అన్న పదవి కనిపిస్తుంది. వాళ్లు రాజబంధువులతో వియ్యమందిన పెద్ద అధికారులు. తలారిని ఆ తలవర వరసకే చేర్చి చెబుతారు పండితులు. రాజు పక్కన కూర్చున్న పదవి ఊరి చావడి అరుగు మీదికి దిగిందన్నమాట. పావగడకు ఆనుకొని ఉన్న కల్యాణదుర్గం ప్రాంతంలో తలారి ఇంటిపేరు కొత్త కాదు. అనంతపురం నుంచి 2019లో లోక్‌సభకు ఎన్నికైన రంగయ్య ఇంటిపేరు తలారే.

అపోహ: ఇంటిపేరు మారదు.

భేషుగ్గా మారుతుంది. ‘పెనుగొండ లక్ష్మి’ రాసిన పుట్టపర్తి నారాయణాచార్యుల పూర్వీకులు తిరుమల వారు. పుట్టపర్తిలో కాపురం ఉన్నాక పుట్టపర్తి వారయ్యారు. పెనుగొండ గానీ పుట్టపర్తి గానీ పావగడకు ఎంతో దూరం కాదు. కొత్త ఊరికి వలసపోతే పాత ఊరి పేరు ఇంటిపేరుగా అతుక్కోవడం మన దగ్గర అన్నిటికంటే మామూలు మార్గం. కొలువు పేరు ఉన్న కుటుంబం ఇంకో ఊరికి పోతే ఆ ఊళ్లో తూము ఇంకొకరి చేతిలో ఉంటుంది కదా, పాత పేరు చెప్పుకొని ప్రయోజనమేమిటి? నీరుగంటి అరుదు కావడానికి ఇదీ ఒక దారే అనుకుంటాను.

ఇక ఈ ఇంటిపేరువాళ్లు ఎంతమంది? పోలండ్ తన పౌర రిజిస్టరు నుంచి ఏ ఇంటిపేరు ఎంతమందికి ఉందో లెక్కగట్టి ప్రజలకు విడుదల చేస్తుంది. మన జనగణన ఇంటిపేర్ల లెక్కలు ప్రచురించదు. ఇంటర్నెట్‌లో ‘ప్రపంచంలో మీ ఇంటిపేరువారు ఇంతమంది’ అని కనిపించే అంకెలు అక్కడా ఇక్కడా దొరికిన జాబితాల నుంచి అల్లినవి. వాటిలో ఇంగ్లిష్ అక్షరాల తేడాతో నీరుగంటి, నీరగంటి, నిరుగంటి, నీరుగట్టి వేర్వేరు వంశాలై కూర్చుంటాయి. పైగా పొడి అక్షరాల కర్ణాటకలో ఆ పేరు జాబితాకే ఎక్కదు. అంకెలకంటే ఊరిపేర్లు నయం. మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె అని ఒక పేట ఉంది. ఒక కొలువు ఇంటిపేరై, ఆ ఇంటిపేరు పల్లె పేరై నిలిచిన చోటు అదని అనిపిస్తుంది. ఇప్పుడు ఆ పేటకు పేరు తెచ్చింది నీళ్లు కాదు, మగ్గాల మీద నేసే పట్టుచీరలు.